కియాంతి వైన్ హద్దులు, నిబంధనలు

ఇటలీలోని టస్కనీలో ఫ్లారెన్స్, సియెనా నగరాల మధ్య పరుచుకున్న కొండసీమ కియాంతి. మధ్యయుగాల్లో ఈ రెండు నగరాలూ దీనికోసం కత్తులు దూశాయి. రాద్దా, గయోలే, కాస్తెల్లీనా ఊళ్లు ఫ్లారెన్స్ పక్షాన కూటమి కట్టాయి. వాటి చిహ్నమైన నల్ల కోడిపుంజు ఇప్పటికీ అక్కడి వైన్ సీసాల మీద కనిపిస్తుంది.

1716లో టస్కనీ పాలకుడు మూడవ కోసిమో దె మెదిచి కియాంతితో సహా నాలుగు వైన్ ప్రాంతాలకు హద్దులు గీశాడు. ఇలాంటి చట్టాల్లో ప్రపంచంలోనే తొలినాటిది ఇది.

ఏ ద్రాక్షతో చేయాలన్నది వేరే చిక్కు. దాన్ని తేల్చినవాడు బ్రోలియో కోట యజమాని, ఇటలీకి రెండుసార్లు ప్రధానిగా పనిచేసిన బెత్తీనో రికాసోలి. ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, 1872 నాటి లేఖలో తన లెక్క చెప్పాడు: పరిమళానికీ బలానికీ సాంజొవేసే, దాని కరకుదనం తగ్గించడానికి కనాయోలో. తెల్ల మాల్వాసియా మాత్రం వెంటనే తాగే వైన్‌కే తగినది, నిల్వ ఉంచేదానికి వద్దన్నాడు.

ఆ చివరి మాటను తర్వాతివాళ్లు తమ వీలుకొద్దీ మరిచారు. 1932లో హద్దులు బాగా విస్తరించాయి. పాత కొండలకు 'క్లాసికో' అన్న మాట మిగిలింది. 1967 నిబంధనలైతే ఈ ఎర్ర వైన్‌లో కనీసం 10 శాతం తెల్ల ద్రాక్షను తప్పనిసరి చేశాయి. కియాంతి అమ్మే గడ్డి అల్లిన బుడ్డి చౌక సరుకుకు గుర్తుగా మారింది. ఆంతినోరి కుటుంబం 1971 పంటతో చేసిన తిన్యానెల్లో అనే వైన్‌ను కియాంతి పేరే లేకుండా, మామూలు భోజనాల వైన్ హోదాతో అమ్మింది. అది ఖరీదైన పేరుగా నిలిచింది. 2006 నుంచి క్లాసికోలో తెల్ల ద్రాక్ష నిషిద్ధం.