కృష్ణాతీరమున కాఫీ రుచి

1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వర్తకస్థానములు నెలకొల్పిన మచిలీపట్టణపు రేవునకు ఖ్యాతి దెచ్చినవి అద్దకపు వస్త్రములే గాని కాఫీ గాదు. బాబాబుడన్ అను ఫకీరు మక్కాయాత్రనుండి తెచ్చి చిక్కమగళూరు కొండలపై నాటెనని ప్రతీతిగల ఆ గింజ, 20వ శతాబ్దమున మన మధ్యతరగతి గృహములకు ప్రాతఃకాలవిధియై, గుడివాడ, దివిసీమల గేదెపాల చిక్కదనమును చికోరీ నల్లదనమును పొంది, పూర్తిగా మనదైనది. ఇత్తడి ఫిల్టరు పైగిన్నెలో పొడినదిమి, మరిగిన నీరు పోసి, బొట్టుబొట్టుగా దిగు డికాక్షనుకై వేచి, పొంగిన పాలతో కలిపి నురుగు లేచునట్లు తిరుగబోసిన కాఫీయే ఈ సీమవారికి ప్రమాణము.

అట్టి నాలుకకు, 2019లో భౌగోళిక గుర్తింపు వడసిన అరకు అరబికా, చికోరీ లేక, పాలు లేక లభించినపుడు, పలుచనగను పుల్లగను తోచుట సహజము. ఇందు దోషము గింజది గాదు, త్రాగువానిదియు గాదని నా దృఢవిశ్వాసము. పండ్లవాసనతో గూడిన ఆ పులుపే దాని గుణము. కొండచల్లదనమున కాయ మెల్లగా పండుట అందులకు ముఖ్యకారణము. దానినే నల్లగా వేయించి చికోరీ చేర్చినచో మనము కోరు చేదు వచ్చును గాని, ఆ పరిమళము చాలవరకు మరుగుపడును.