పండగ పక్కనే ఒక్కపొద్దు

నా ఉద్యోగమంతా పిల్లల బరువు తూచడంలోనే గడిచింది. అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా నాగర్‌కర్నూల్, వనపర్తి చుట్టుపక్కల పల్లెల్లో తిరిగాను. దూలానికి తక్కెడ వేలాడదీసి, సంచిలో బిడ్డను కూర్చోబెట్టి, ముల్లు ఎక్కడ ఆగుతుందా అని తల్లీ నేనూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. బిడ్డ పావుకిలో పెరిగిందంటే ఆరోజు మాకు పండగే. ఇప్పుడు ఆ తల్లులే ఎదురుపడి, "మేడం, దసరాకు ఎక్కిన బరువు సంక్రాంతి పోయినా దిగుతలేదు, ఏం జేయాలె?" అని అడుగుతున్నారు. జవాబు చెప్పాలంటే మా పాలమూరులో, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, పండగ తిండి ఎట్లా నడిచిందో ముందు చెప్పాలి.

1960ల చివర మా ఇంట్లో పొద్దున జొన్న గటక, సల్ల. పగటికీ రాత్రికీ జొన్నరొట్టె, పుంటికూరో పచ్చిపులుసో. వరన్నం పండక్కి, చుట్టాలొచ్చినప్పుడు, జ్వరం పడి లేచినప్పుడు. నూనె గానుగలో ఆడించిన పల్లినూనె. అవ్వ దాన్ని చిన్న గరిటెతో లెక్కచూసి పోసేది. అప్పాల మూకుడు పొయ్యి ఎక్కేది ఏడాదిలో నాలుగైదుసార్లే. ఉగాదికి బచ్చాలు, పీర్ల పండక్కి మలీద, గద్వాల వైపు నడిగడ్డలోని మా చిన్నమ్మ ఇంట్లో భోగికి నువ్వులద్దిన సజ్జరొట్టె. తొలి ఏకాదశికైతే బెల్లం కలిపిన జొన్న పేలాల పిండి. పండగ తిండిలోనూ సగం జొన్నా సజ్జే ఉండేవి.

పండగల మధ్య ఒక్కపొద్దులు. శ్రావణ శనివారాలు వెంకటేశ్వరస్వామికి, కార్తీక సోమవారాలు శివుడికి, ఇవిగాక ఏకాదశి, శివరాత్రి. ఒక్కపొద్దున్న మనిషి పగలంతా చేనిలో పనిచేసి, దీపం పెట్టాకే అన్నం ముందు కూర్చునేది. దసరాకు యాటకూర వండిన ఇల్లే కార్తీకం రాగానే నీసు మానేసేది. ఆ నెలలోనే చిన్నచింతకుంట దగ్గర కురుమూర్తి జాతర. వనపర్తి వైపు నుంచి నడిచో, బండి కట్టుకునో పోయి గుట్ట ఎక్కేవాళ్లు. ఉగాది బచ్చాలు తిన్న పదిహేను రోజులకు చైత్ర పౌర్ణమి. అప్పుడు నల్లమలలో సలేశ్వరం లింగమయ్య దగ్గరికి రాళ్లు దాటి, లోయలోకి దిగి నడవాలి.

ఇదంతా ఎవరూ బరువు తగ్గడానికి పెట్టుకోలేదు. భక్తి ఒకటి, ఇంట్లో గింజలు వచ్చే పంటదాకా ఆగాలన్న అవసరం ఇంకొకటి. ఆ ఒక్కపొద్దుల్లో ఎక్కువ ఆడవాళ్లవే. అందరికీ పెట్టి ఆఖరున అడుగూబొడుగూ తినేదీ వాళ్లే. రక్తం లేక తెల్లబోయిన బాలింతలను ఎందరినో చూసినదాన్ని. ఆ ఆకలిని మంచిరోజులని పొగడలేను.

కానీ బతుకమ్మను మాత్రం మనసారా పొగుడుతాను. పెత్రమాసనాడు ఎంగిలిపూలతో మొదలై 9 రోజులు. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, రోజుకొకటి, అదీ చేతికి ఇంత. ఆరోనాడు అలిగిన బతుకమ్మకు నైవేద్యమే లేదు. ఆఖరునాడు సద్దులు: నువ్వులవి, పల్లీలవి, కొబ్బరివి, చింతపండువి, పెరుగువి. వాటి పక్కన మలీద. పెనం మీంచి తీసిన రొట్టెను వేలు కాలుతుండగానే తుంచి రోట్లో వేయాలి, బెల్లం కొట్టి కలపాలి, రెండూ ఒకటయ్యేదాకా దంచి, నెయ్యి చెయ్యి తగిలించి ముద్దలు కట్టాలి. చల్లారిన రొట్టెతో కుదరదు. ఇంత చేసినా వెంటనే తినేది లేదు. మాపటికి వాకిట్లో బతుకమ్మలు దించితే, వంగి చప్పట్లు, లేచి ఒక అడుగు, మళ్లీ వంగడం, పాట వెనక పాట. ముసలమ్మలూ ఆగేవాళ్లు కాదు. చెరువులో సాగనంపి వచ్చాకే సద్దుల గిన్నెలు తెరిచేవాళ్లు. ఎవరి గిన్నె వాళ్లు తినరు, ఒకరిది ఒకరికి పంచుతారు. ఎవరికి ఎంత అందినా పిడికెడే.

పండక్కి ఊరికొచ్చిన మగవాళ్లలో ఎక్కువమంది మట్టిపని చేసినవాళ్లు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, దేశంలో ఏ ఆనకట్ట కడుతుంటే అక్కడికి పోయిన పాలమూరు లేబర్. గడ్డపార వదిలి నాలుగురోజులు తిన్న బచ్చాలు ఆ ఒంటికి ఏమూలకు?

తర్వాత బియ్యం వచ్చింది. 1983లో ఎన్టీఆర్ కిలో 2 రూపాయలకు ఇచ్చినప్పుడు మా ఊళ్లో కడుపులు నిండాయి, అది చిన్న మాట కాదు. జూరాల నీళ్లూ, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లూ పారినచోట జొన్నచేలు వరిమళ్లయ్యాయి. 2015 నుంచి రేషన్ మీద నెలకు మనిషికి 6 కిలోలు, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. రేషన్ పామాయిల్‌తో మూకుడు తీరిక దొరికినప్పుడల్లా పొయ్యి ఎక్కింది. మందు జల్లి కలుపు చంపుతున్నారు, ట్రాక్టరు దున్నుతోంది, ఒంటికి పని తగ్గింది. పండగనాటి పళ్లెం రోజువారీ పళ్లెమైంది, పండగనాడు దానిమీద ఇంకో పళ్లెం.

పండగ బరువు సంగతి తేల్చడానికి అమెరికాలో 195 మందిని పండగల ముందూ తర్వాతా తూచి చూశారు. ఆ పరిశోధన 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. వాళ్ల పండగ ఆరువారాల్లో సగటున పెరిగింది 370 గ్రాములే. అయితే అది తర్వాత దిగలేదు. ఏటికేడాది ఆ గ్రాములే కిలోలవుతాయి. వాళ్ల పండగ వెనక కార్తీకం లేదు. మనకు ఉండీ వదిలేస్తున్నాం.

అందుకే నన్ను అడిగినవాళ్లకు పండగ మానమని చెప్పను. సద్దులు ఐదూ చేయండి, ఇంటింటికీ పంచండి, డబ్బాల్లో వారంపాటు దాచకండి. బతుకమ్మను చూస్తూ కుర్చీలో కూర్చోకండి, తిరగండి. కార్తీకంలో రాత్రి అన్నం బదులు ఒక రొట్టె, కూర ఎక్కువ. గర్భిణులు, బాలింతలు, షుగర్ మందు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ఒక్కపొద్దు ఉండొద్దు.

రొట్టె తినమంటే ఆడవాళ్లు ఒక మాట అంటారు: "బియ్యం ఊరికే వస్తున్నయి, జొన్నలు కొనాలె గద మేడం." నిజమే. సరిహద్దు దాటితే రాయచూరు. కర్ణాటకలో రేషన్ మీద జొన్నలు, రాగులు ఇచ్చారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ రేషన్ షాపుల్లో కార్డుకు బియ్యంతోపాటు నాలుగు కిలోల జొన్నలు ఇవ్వాలని నేను అడుగుతున్నాను. వాటిని ఈ మూడు జిల్లాల రైతుల దగ్గరే కొనాలి.