ఎముక మజ్జలో లింఫోమా: నిర్ధారణ చరిత్ర

వేగంగా ముదిరే బి-కణ లింఫోమాల్లో ఎక్కువగా కనిపించేది డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా. అది ఎముక మజ్జకు పాకిందా లేదా అన్న ప్రశ్నను వైద్యశాస్త్రం చాలాకాలం అవును, కాదు అనే జవాబులతోనే సరిపెట్టింది. హాడ్జ్‌కిన్ వ్యాధి కోసం 1971లో ఆన్ ఆర్బర్‌లో ఖరారైన దశల విభజనే తరవాత మిగతా లింఫోమాలకూ వచ్చింది. దాని ప్రకారం మజ్జలో వ్యాధి కనిపిస్తే నేరుగా నాలుగో దశే. మజ్జ ముక్క నలగకుండా తీసే జంషీది సూది వెలువడిందీ ఆ ఏడాదే. తుంటి ఎముక వెనక అంచున మత్తు ఇచ్చి, సూదిని తిప్పుతూ దించి, రెండు సెంటీమీటర్ల సన్నటి ముక్క తీస్తారు; దీన్నే బయాప్సీ అంటారు. కాల్షియం కరిగించాక పల్చటి పొరలుగా కోసి, రంగువేసి చూస్తారు. మజ్జలో వ్యాధి అక్కడక్కడే ఉంటే ఆ ముక్కకు అందకపోవచ్చు.

అంతకన్నా పెద్ద లోపం ఆ ప్రశ్నలోనే ఉంది. లింఫ్ గ్రంథిలో పెద్ద కణాలున్న రోగికి మజ్జలోనూ అవే ఉండొచ్చు, లేదా నెమ్మదిగా పెరిగే చిన్న కణాల లింఫోమా ఉండొచ్చు. దశల పట్టిక రెంటినీ ఒకే గాటన కట్టింది. కీమోథెరపీకి రిటుక్సిమాబ్ అనే మందు తోడైన తరవాతి 795 మంది రోగులను బ్రిటిష్ కొలంబియా పరిశోధకులు పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. మజ్జలో పెద్ద కణాలున్నవారికి, వయసూ దశా వంటి ఇతర ముప్పులను లెక్కలోకి తీసుకున్నాక కూడా, చికిత్స ఫలితాలు తక్కువగా ఉన్నాయి. చిన్న కణాలున్నవారిలో అలాంటి విడి ప్రభావం తేలలేదు. కాబట్టి వ్యాధి మజ్జలో ఉందన్న వార్త కన్నా అక్కడున్నది ఏ కణమన్నదే రోగికి ముఖ్యం.

పెట్-సీటీ అనే స్కాన్ వచ్చాక సూది అవసరమే లేదని వాదించేవారున్నారు. వాదనలో బలం ఉంది: ఆ స్కాన్ ఒక్క చోటు కాదు, అస్థిపంజరమంతా చూస్తుంది, సూదికి చిక్కని మచ్చలనూ పట్టిస్తుంది. కానీ అది చూపేది కణాలు గ్లూకోజును ఎంత పీల్చుకుంటున్నాయన్నదే, కణం రూపం కాదు. నెమ్మదైన చిన్న కణాలు దానికి దొరకకపోవచ్చు. తెల్లకణాలను పెంచే ఇంజెక్షన్ల తరవాత మజ్జంతా వెలిగి, లేని వ్యాధి ఉన్నట్టూ అనిపించవచ్చు. లింఫోమా దశల నిర్ధారణపై 2014లో వచ్చిన లుగానో సిఫార్సులు స్కాన్ బలాన్నీ పరిమితులనూ తూచి, పెట్‌లో మజ్జ వ్యాధి స్పష్టంగా కనిపిస్తే బయాప్సీ అక్కర్లేదన్నాయి. కనిపించకపోతే, చిన్న కణాల ఉనికి తెలియడం చికిత్సకు అవసరమైనప్పుడే సూది వాడమన్నాయి. పెట్ అందుబాటులో లేని చోట బయాప్సీయే దిక్కు.