సగం కోర్టులో మంగోలియా

మంగోలియా అనగానే మనకి గుర్రాలు, కుస్తీ, విలువిద్య గుర్తొస్తాయి. బాస్కెట్‌బాల్ ఎక్కడి నుంచి వచ్చింది అని ఎపిసోడ్ విన్నవాళ్లు అడగొచ్చు. అక్కడ టైమ్ చాలక వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ఆ దేశ జనాభా దాదాపు 35 లక్షలు. హైదరాబాద్‌లో సగం కూడా కాదు. అందులో సగానికి దగ్గరగా రాజధాని ఉలాన్‌బాతర్‌లోనే ఉంటారు. చలికాలంలో అక్కడ మైనస్ 30 డిగ్రీల దాకా పోతుంది. అలాంటి చోట ఒక హాలు, ఒక బుట్ట, ఒక బంతి ఉంటే ఆడేసుకోగలిగే ఆట జనానికి నచ్చడంలో వింతేముంది? వాళ్ల భాషలో దీని పేరుకి అర్థం కూడా అచ్చంగా ‘బుట్టబంతి’.

మంగోలియా మొదటిసారి వేసవి ఒలింపిక్స్‌కి వెళ్లింది 1964లో, టోక్యోకి. మొదటి స్వర్ణం 2008లో బీజింగ్‌లో, జూడోలో నైదాన్ తువ్‌షిన్‌బయర్ తెచ్చాడు. పతకాలన్నీ ఇలా ఒక్కరే బరిలోకి దిగే పోటీల్లోనే. జట్టు ఆటల్లో మాత్రం అర్హతే దక్కలేదు.

ఆ తలుపు తెరిచింది ‘త్రీ ఎక్స్ త్రీ’. దీన్ని ఒలింపిక్స్‌లో చేర్చాలని 2017లో నిర్ణయించారు. సగం కోర్టు, ఒకే బుట్ట. కోర్టులో ముగ్గురు, బయట ఒక్కరు. 10 నిమిషాలు, లేదా ముందే 21 పాయింట్లు. బంతి చేతికొచ్చాక 12 సెకన్లలో బుట్టకి వేసేయాలి. పన్నెండు మంది పొడగరుల్ని వెతుక్కోనక్కర్లేదు, నలుగురు గట్టివాళ్లు చాలు.

అసలు కిటుకు ర్యాంకింగ్‌లో ఉంది. చిన్న టోర్నమెంట్లలో ఆడినా ఆటగాళ్లకి కొన్ని పాయింట్లు వస్తాయి. వాళ్ల పాయింట్లు కలిపితే దేశం ర్యాంకు. అంటే ఎక్కువమంది, ఎక్కువసార్లు ఆడే దేశం పైకొస్తుంది. అలా 2019 నవంబర్ ర్యాంకింగ్‌తో మంగోలియా అమ్మాయిలు నేరుగా టోక్యోకి అర్హత సాధించారు. 57 ఏళ్ల తర్వాత అదే ఊళ్లో, ఆ దేశపు మొదటి ఒలింపిక్ జట్టు! 2021 ప్రారంభోత్సవంలో జెండా పట్టుకున్నవాళ్లలో ఒకరు ఆ జట్టులోని ఖులాన్ ఒనొల్‌బాతర్.

ప్రొఫెషనల్ వరల్డ్ టూర్‌లో మాత్రం దేశాల పేర్లుండవు, ఊళ్ల పేర్లే. మగవాళ్ల జట్టు ‘ఉలాన్‌బాతర్ ఎంఎంసీ ఎనర్జీ’ అలాంటిదే: ఊరి పేరు, పక్కన స్పాన్సర్ పేరు. మనవాళ్లకి తెలియని సంగతి, ఈ టూర్ 2018లో హైదరాబాద్‌కి కూడా వచ్చింది.

లెక్కల పుణ్యమా అని వచ్చిన అర్హత కదా అని ఎవరైనా అనొచ్చు. నేనైతే ఒప్పుకోను. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అమ్మాయిలు రజతం, అబ్బాయిలు కాంస్యం గెలిచారు. 2025 జూన్‌లో ప్రపంచ కప్ ఉలాన్‌బాతర్‌లోనే జరిగింది, ప్రభుత్వ భవనం ఎదుటి సుఖ్‌బాతర్ చౌక్‌లో. అమ్మాయిలు ఫైనల్ దాకా వెళ్లి నెదర్లాండ్స్ చేతిలో ఓడి, రజతం తీసుకున్నారు. ర్యాంకింగ్ వాళ్లని గుమ్మం దాకా తెచ్చింది, అంతే. లోపలికి వాళ్లు ఆడే వచ్చారు.