నేలను పరీక్షించుట

క్రొత్తగా ఇల్లు కట్టదలచినవారు ముందుగా నేలను పరీక్షింపవలెనని మన వాస్తుశాస్త్రము చెప్పుచున్నది. మూరెడు లోతున గుంట త్రవ్వి, తీసిన మట్టితోనే దానిని మరల పూడ్చవలెను. మట్టి మిగిలినచో నేల మేలైనది, చాలకపోయినచో కాదు. మట్టి రంగును, వాసనను, రుచిని గూడ పెద్దలు చూచెడివారు. నేల గట్టిదనము తెలిసికొనుటకు ఆ పరీక్ష చాలును. కాని కర్మాగారములు వెలసి, మూతపడి, వాటి స్థలములలో ఇండ్లు లేచుచున్న కాలమునకు అది చాలదు. కంటికిగాని ముక్కునకుగాని అందని విషమును గుంట చెప్పజాలదు. అమెరికాలో ఒక పేదల పేటకు ఈ సంగతి ఎట్లు తెలిసివచ్చినదో శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ఇండియానా రాష్ట్రమున, మిషిగన్ సరస్సు ఒడ్డున ఈస్ట్ చికాగో అను పారిశ్రామిక నగరము కలదు. అచ్చట పూర్వము సీసమును శుద్ధిచేయు కర్మాగారమొకటి, రంగులలో కలుపు తెల్లసీసమును తయారుచేయు కర్మాగారమొకటి ఉండెడివి. అవి పోయిన పిదప, 1970వ దశాబ్ది తొలి సంవత్సరములలో, ఆ స్థలముననే 346 ఇండ్లు కట్టి తక్కువ రాబడిగల కుటుంబములకు అద్దెకిచ్చిరి. ఆ పేటకు వెస్ట్ క్యాలుమెట్ అని పేరు. ప్రక్కనే ప్రాథమిక పాఠశాల కూడ వెలసినది. కాపురమున్నవారిలో అధికసంఖ్యాకులు నల్లజాతివారు, లాటిన్ అమెరికా సంతతివారు.

పేటకు దక్షిణమున మరియొక సీసపు కర్మాగారముండెను. అది 1985లో మూతపడినది. ఆ యేటనే పరిసరముల మట్టిలో సీసమున్నదని రాష్ట్ర ఆరోగ్యశాఖ కనుగొన్నది. విషపూరిత స్థలములను శుద్ధిచేయుటకు అమెరికా ప్రభుత్వము 1980లోనే సూపర్‌ఫండ్ అను శాసనమును చేసియుండెను. అయినను ఈ స్థలమును ఆ శాసనపు ముఖ్య జాబితాలో చేర్చుటకు 1992లో ప్రతిపాదన రాగా, చేర్చినది మాత్రము 2009లో. విషము కనబడిన నాడు పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరువదినాలుగేండ్లు నిండినవి.

అంతలో 2011లో కేంద్ర ఆరోగ్యసంస్థ యొకటి, అచ్చటి మట్టిలో ఆడుకొనుటవలన పిల్లలకు హాని కలుగునని తోచదని నివేదించెను. కాని 2014 చివర మొదలుకొని 2015 వరకు ఇంటింటి పెరటినుండి మట్టి తీసి పరీక్షింపగా వేరొక సంగతి బయటపడినది. నివాసస్థలములకు నాడు పెట్టుకొనిన హద్దు పదిలక్షల పాళ్ల మట్టికి 400 పాళ్ల సీసము. కొన్ని పెరళ్లలో సీసము ఆ హద్దునకు పదులరెట్లు మించియున్నది. దానికి తోడు ఆర్సెనిక్ కూడ కలదు. ఈ లెక్కలు నగరపాలకులకు చేరినది 2016 మే నెలలో. ఇల్లు విడిచి పొమ్మను ఉత్తరములు కుటుంబములకు అందినది జులై చివర. వేయిమందికి పైగా జనము, అందులో ఆరువందలకు మించిన పిల్లలు, చెల్లాచెదరయిరి. పాఠశాల మూతపడినది. 2018లో ఇండ్లన్నియు పడగొట్టబడినవి. ఆ యేటనే వెలువడిన క్రొత్త నివేదిక 2011 నాటి మాటను సవరించుచు, 2005 మొదలు 2015 వరకు ఆ చుట్టుపట్ల పిల్లల రక్తములో సీసము హెచ్చుగా ఉండుట తక్కినచోట్లకంటె అధికముగా కనబడినదని ఒప్పుకొన్నది.

సీసము పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. పిల్లల రక్తములో ఇంత సీసమున్నను భయములేదని చెప్పదగిన పరిమాణము ఏదియు లేదు. అందుచేతనే శాస్త్రజ్ఞులు హద్దును క్రిందికి దించుచు వచ్చిరి. అమెరికాలో డెసిలీటరు రక్తమునకు 10 మైక్రోగ్రాములుగా ఉన్న హెచ్చరిక గీత 2012లో 5కును, 2021లో 3.5కును దిగినది. మట్టికి పెట్టిన 400 హద్దు 2024లో 200 అయినది. నిన్న మంచిదనిపించుకొనిన పెరడు నేడు మంచిది కాకపోవచ్చును.

కావున నేల పరీక్ష మట్టితో మొదలుకారాదు, కాగితములతో మొదలుకావలెను. ఆ స్థలమున పూర్వమేమి తయారైనది, వ్యర్థమును ఎచ్చట పోసిరి అని పాత పటములను, లెక్కలను చూడవలెను. ఆ పిమ్మట పెరటికొక్కటిగా, పలు లోతులనుండి మట్టి తీయవలెను. పేట మొత్తమునకు సగటు కట్టినచో ఒక వీధి విషము అందులో కలిసిపోవును. ఇంటిలోని దుమ్మును, పిల్లల రక్తమును గూడ పరీక్షింపవలెను. గిడ్డంగికి చాలిన శుద్ధి ఇంటికి చాలదు గనుక, ఆ నేలపై రేపు ఎవరు మసలుదురో ముందే నిర్ణయింపవలెను.

ఈ పనులలో ఒక్కటియు మానవశక్తికి మించినది కాదు. వెస్ట్ క్యాలుమెట్‌లో సీసపు కర్మాగారములుండెనన్న సంగతి ఎవరును దాచినది కాదు. ఇండ్లు కట్టకముందు ఆ కాగితములను తిరగవేసియున్నచో చాలియుండెను. ఫలితము తెలిసిన వెంటనే ఆ ఇంటి తలుపు తట్టి చెప్పియున్నచో కొంతయైనను మేలు జరిగియుండెను. పెరటిలో కూర్చుండి మట్టితో బొమ్మరిండ్లు కట్టుకొను బిడ్డకు తల్లి వద్దని చెప్పవలెనన్న, ముందుగా ఆ తల్లికి తెలియవలెను గదా!