వెయ్యి కిలోమీటర్ల అవతల ఇంకో తరగతి: ఫ్రెనే మాస్టారి ఉత్తరాల కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. రెండు పల్లెటూరి బళ్లున్నాయి, వాటి మధ్య పోస్టు బండి ఉంది. ఆ ఉత్తరాల వల్లే ఒక మాస్టారికి పేరొచ్చింది, ఆ దారిలో నడిచినందుకే ఆయన సర్కారీ ఉద్యోగం కూడా పోయింది. అదెలాగో చెప్తాను.

ముందు ఒక మాట. కలం స్నేహం అనగానే మనకి గుర్తొచ్చేది ఇద్దరు మనుషులు. ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ, మధ్యలో ఒక కవరు. బడి పిల్లల మధ్య ఇలాంటి ఉత్తరాలు 1890ల చివర్లోనే నడిచాయి. లండన్‌లో డబ్ల్యూ.టి. స్టెడ్ అనే పత్రికా సంపాదకుడు ఇంగ్లీషు పిల్లలకీ ఫ్రెంచి పిల్లలకీ జతలు కుదిర్చేవాడు. (ఈయన తర్వాత టైటానిక్ మునిగినప్పుడు చనిపోయాడు. అది ఇంకో ఎపిసోడ్.) అక్కడ పని ఏంటంటే పరాయి భాష ప్రాక్టీసు. నువ్వు నా భాషలో రాయి, నేను నీ భాషలో రాస్తాను, ఒకరి తప్పులు ఒకరం దిద్దుకుందాం. మంచి పనే. కానీ నేను చెప్పబోయేది వేరే సంగతి. ఇక్కడ ఒక మొత్తం తరగతి ఇంకో మొత్తం తరగతికి రాసింది. అదీ ఒకే దేశంలో, ఒకే భాషలో.

ఫ్రాన్స్‌కి దక్షిణాన, ఇటలీ సరిహద్దుకి దగ్గర్లో గార్స్ అని ఒక కొండ పల్లె ఉంది. 1896లో అక్కడ ఒక రైతు కుటుంబంలో పుట్టాడు సెలెస్తాం ఫ్రెనే. టీచర్ ట్రైనింగ్‌లో ఉండగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, సైన్యంలోకి తీసుకున్నారు. 1917లో ఊపిరితిత్తికి గాయమైంది. ఏళ్ల తరబడి చికిత్స. 1920లో బార్-సుర్-లూ అనే ఊళ్లో చిన్న బడిలో ఉద్యోగంలో చేరాడు. లూ నది లోయ మీద, కొండ అంచున ఉండే ఊరు అది. చుట్టూ నారింజ చెట్లు, ఆలివ్ చెట్లు. పక్కనే గ్రాస్ పట్నం, అత్తర్లకి పేరున్నది. ఆ అత్తర్లకి కావాల్సిన పూలు ఈ పల్లెల్లో కోసేవాళ్లు.

గాయం వల్ల గంటల తరబడి గొంతెత్తి పాఠం చెప్పలేకపోయేవాడినని, అందుకే వేరే దారి వెతికానని ఆయనే చెప్పుకున్నాడు. నాకైతే అదొక్కటే కారణం అనిపించదు. ఊపిరి బాగాలేని టీచర్లు ఆ రోజుల్లో ఇంకా చాలామంది ఉండే ఉంటారు, యుద్ధం అలాంటిది. వాళ్లందరూ బడి మార్చలేదు కదా. ఈయన చూసింది ఇంకొకటి కూడా ఉంది. పిల్లలు బయట నత్తల గురించి, గొర్రెల గురించి కళ్లు పెద్దవి చేసుకుని మాట్లాడతారు. లోపలికొచ్చి పుస్తకం తెరవగానే అదే పిల్లలు చచ్చిన చేపల్లా కూర్చుంటారు.

అందుకని 1924లో తరగతిలోకి ఒక చిన్న అచ్చు యంత్రం తెచ్చాడు. పిల్లలు తమ సంగతులు రాస్తారు. వాటిల్లో ఏది అచ్చేయాలో అందరూ కలిసి ఓటేస్తారు. నెగ్గినదాన్ని బోర్డు మీద రాసి, అందరూ కలిసి మెరుగు చేస్తారు. తర్వాత సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి, తిరగేసి పేర్చి, సిరా రాసి, కాగితం పెట్టి నొక్కుతారు. ఫోన్‌లో టైపు చేసి డిలీట్ కొట్టడం కాదు ఇది. ఒక అక్షరం తప్పు పడితే ఆ వరుస విప్పి మళ్లీ సర్దాలి. అందుకే వచనాలు పొట్టిగా ఉండేవి. ఎవరికీ ఎక్కువ సోది రాసే ఓపిక ఉండదుగా.

ఇక్కడే ఒక సమస్య వచ్చింది. అచ్చేశాం, బాగుంది. చదివేదెవరు? రాసినవాడికి అందులో ఏముందో తెలుసు. పక్కవాడికీ తెలుసు, వాడే కదా అక్షరాలు పేర్చింది. అమ్మానాన్నలు ఒకసారి చూసి మురిసిపోతారు. అక్కడితో సరి. అచ్చు యంత్రం ఉండి పాఠకుడు లేకపోతే అది బొమ్మ కింద లెక్క.

1926లో ఆ పాఠకుడు దొరికాడు. ఫ్రాన్స్‌కి ఇంకో కొసన, అట్లాంటిక్ ఒడ్డున, బ్రిటనీ ప్రాంతంలో ట్రెగాంక్ అనే ఊరు. అక్కడి టీచరు రెనే డానియేల్ కూడా ఇలాంటి అచ్చు యంత్రమే తెచ్చుకున్నాడు. రెండు ఊళ్ల మధ్య గీత గీస్తే దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఆ రోజుల్లో కొండ ఊరి పిల్లలకి బ్రిటనీ అంటే వేరే దేశం కిందే లెక్క.

ఏర్పాటు ఎలా చేశారో చూడండి, నాకు బాగా నచ్చింది ఇదే. ఏదైనా అచ్చు వేసినప్పుడు మన తరగతిలో పిల్లలు ఎంతమందో అన్ని కాపీలు, అవతలి తరగతిలో ఎంతమందో అన్ని కాపీలు వేస్తారు. ఆ రెండో కట్ట పోస్టులో వెళ్తుంది. అక్కడినుంచి వచ్చిన పేజీలు ఇక్కడ ప్రతి పిల్లాడికీ ఒకటి. వాటిని వరుసగా గుచ్చి పెట్టుకుంటే కొన్నాళ్లకి పుస్తకమవుతుంది. బడిలో వాచకం పక్కన ఇంకో వాచకం. దాన్ని రాసింది మన ఈడు పిల్లలే. ఇది తరగతి మొత్తానికి సంబంధించిన పని. దానికి తోడు ఒక్కో పిల్లాడికి అవతల ఒక జోడీ. జతలు ఊరికే లాటరీ వేసి తియ్యడానికి లేదు. వయసు, ఇష్టాలు, రాయగలిగే శక్తి చూసి టీచర్లిద్దరూ మాట్లాడుకుని కుదర్చాలి. బద్ధకం పిల్లాడికి ఉత్సాహం పిల్లాణ్ణి జత చేస్తే నెల తిరక్కుండా ఒకడు ఏడుస్తాడు. అన్నిటికంటే ముఖ్యం, టైముకి పంపాలి. ఒక వారం ఆలస్యమైతే అవతల నలభై కళ్లు పోస్టుమ్యాన్ కోసం చూస్తుంటాయి. మన భాషలో చెప్పాలంటే, తరగతి మొత్తాన్ని సీన్‌లో పెట్టి రిప్లై ఇవ్వకపోవడం.

ఉత్తరాలతో పాటు పార్సిళ్లు. సముద్రం వైపు నుంచి గవ్వలు, బ్రిటనీ అట్లు, వాటినే క్రేప్‌లు అంటారు. కొండ వైపు నుంచి నారింజలు, ఆలివ్‌లు. సముద్రం దగ్గర పుట్టినవాడు గవ్వని పట్టించుకోడు. దాన్ని పార్సిల్‌లో పెట్టాలంటే మాత్రం, ఇదేంటి, ఎక్కడ దొరికింది, దేనికి పనికొస్తుంది అని రాయాలి. అప్పుడు చూస్తాడు దాన్ని. ఆలివ్ నూనె ఎలా తీస్తారని అవతలివాళ్లు అడిగారనుకోండి. రోజూ తినేవాడికి కూడా జవాబు రాదు. గానుగ దగ్గరికి వెళ్లి, పెద్దవాళ్లని అడిగి, కొలతలు రాసుకుని రావాలి. లెక్కలు, భూగోళం, వ్యాకరణం అన్నీ ఆ ఒక్క జవాబులోకి వచ్చేస్తాయి. మాస్టారు ఎర్ర సిరాతో దిద్దే తప్పుకీ, వెయ్యి కిలోమీటర్ల అవతల ఒక పిల్లాడు చదివి నవ్వే తప్పుకీ చాలా తేడా ఉంది.

భాష సంగతి కూడా చెప్పాలి. బ్రిటనీ పల్లెల్లో ఇళ్లల్లో ఆ రోజుల్లో మాట్లాడేది బ్రెతాన్ భాష. అది ఫ్రెంచికి దగ్గరి చుట్టం కాదు. దక్షిణాన ఇళ్లల్లో ప్రొవెన్సాల్. ఫ్రెంచి బడి భాష. బ్రిటనీ బళ్లల్లో ఎవడైనా ఇంటి భాషలో మాట్లాడి దొరికితే వాడి మెడలో ఒక వస్తువు తగిలించేవాళ్లు, దానికి 'సింబోల్' అని పేరు. వాడు ఇంకొకణ్ణి పట్టించి దాన్ని వాడికి తగిలించాలి. సాయంత్రానికి ఎవడి దగ్గర ఉంటే వాడికి శిక్ష. మనకి ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో, ఇక తెలుగు మాట్లాడను అని రాసిన పలకలు పిల్లల మెడలో వేశారు. అది పెద్ద గొడవైంది, గుర్తుండే ఉంటుంది.

అలాంటి ఫ్రాన్స్‌లో ఈ రెండు తరగతులకీ ఫ్రెంచి ఒక్కసారిగా పనికొచ్చే భాష అయింది. దక్షిణం పిల్లాడికి బ్రెతాన్ రాదు, బ్రిటనీ పిల్లాడికి ప్రొవెన్సాల్ రాదు. మధ్యలో ఉన్నది ఫ్రెంచి ఒక్కటే. దెబ్బల భయంతో నేర్పినదాన్ని, అవతల ఒక దోస్తు ఉన్నాడన్న కారణంతో నేర్చుకున్నారు.

ఈ జంటని చూసి ఇంకా టీచర్లు చేరారు. 1927లో తూర్ నగరంలో మొదటి సమావేశం పెట్టుకున్నారు. పిల్లల రాతలతో 'లా జెర్బ్' అనే పత్రిక మొదలైంది. సామాన్లు కలిసి కొనుక్కోవడానికి సహకార సంఘం పెట్టుకున్నారు. జీతం తక్కువ టీచర్లు, జేబులోంచి పెట్టుకుని నడిపారు. ఈ భాగాన్ని ఇక్కడితో వదిలేస్తాను, ఎందుకంటే అసలు గొడవ తర్వాత ఉంది.

1928లో ఫ్రెనే, ఆయన భార్య ఎలీజ్ దగ్గర్లోని సాం-పోల్‌కి మారారు. ఆమె కూడా టీచరే, చిత్రకారిణి. అక్కడ బడి పరిస్థితి అధ్వాన్నం, మేయరుతో పొసగలేదు. పైగా ఫ్రెనే వామపక్షం మనిషి, 1925లో సోవియట్ యూనియన్ చూసి వచ్చినవాడు. 1932లో ఒక పిల్లాడు తనకొచ్చిన కల రాశాడు. పుస్తకాలూ సామాన్లూ ఉచితంగా ఇవ్వనన్న మేయరు మీద కలలో తరగతి మొత్తం తిరగబడుతుంది, ఆ పిల్లాడు కత్తి తీసి మేయర్ని చంపేస్తాడు. పిల్లల కలలు అలాగే ఉంటాయి. తరగతి దాన్ని అచ్చేసింది.

ఆ ఏడాది చివర్లో ఒక ఉదయం ఊరి గోడల నిండా పోస్టర్లు. ఆ పిల్లాడి కల మొత్తం పోస్టర్ మీద అచ్చైంది. మీ పిల్లలకి ఈ మాస్టారు ఏం నేర్పుతున్నాడో చూడండి అని. పారిస్‌లో మితవాద పత్రికలు అందుకున్నాయి. కొన్ని నెలలు దేశమంతా రచ్చ. 1933లో బడి ముందు జనం గుమిగూడి గొడవ చేశారు. చివరికి ప్రభుత్వం ఆయన్ని అక్కడినుంచి బదిలీ చేసింది.

ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను. రాజకీయాలు ఉన్నాయి, ఎవరూ కాదనరు. అవి లేకపోతే ఇంత రచ్చ అయ్యేదే కాదు. కానీ ఇదే కల నోటు పుస్తకంలో ఉంటే మాస్టారు చూసి పక్కన పెట్టేవాడు, కథ అక్కడే అయిపోయేది. బడి రాతకి మాస్టారు ఒక్కడే పాఠకుడైనంతకాలం ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అచ్చై, గడప దాటి, ఊరూరూ తిరగడం మొదలయ్యాక పిల్లాడి మాటకి మనుషులు భయపడ్డారు. ఉత్తరాలు పిల్లల రాతకి ఇచ్చిన బలం ఏదో, మాస్టారి మెడకి చుట్టుకున్నదీ అదే.

ఫ్రెనే సర్కారీ బడి వదిలేశాడు. 1935లో పక్కనే వాన్స్‌లో సొంతంగా బడి పెట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధం నుంచి వచ్చిన పిల్లల్ని చేర్చుకున్నాడు. 1940లో ఆయన్ని అరెస్టు చేసి నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. బయటికొచ్చాక మళ్లీ అదే పని. 1966లో వాన్స్‌లో చనిపోయాడు.

ఈ పద్ధతి సరిహద్దు దాటి ఇటలీకి కూడా వెళ్లింది. ఉత్తర ఇటలీ మైదానంలో పియాదేనా దగ్గర వో అనే పల్లెలో మారియో లోదీ అనే టీచరు ఫ్రెనే దారిలో నడిచినవాడు. 1963లో ఆయన టస్కనీ కొండల్లో బార్బియానా అనే చోటికి వెళ్లాడు. అక్కడ లోరెంజో మిలానీ అనే చర్చి ఫాదర్ బడి నడుపుతున్నాడు. బయటి బళ్లల్లో ఫెయిలైన పేద రైతుల పిల్లలు ఆ బడికొచ్చేవాళ్లు. లోదీ తన తరగతితో ఉత్తరాలు నడుపుదామన్నాడు. మిలానీ సరేనన్నాడు.

1963 నవంబరులో బార్బియానా నుంచి మొదటి ఉత్తరం వెళ్లింది. అది ఒకడు రాసింది కాదు. పిల్లలందరూ తలా కొన్ని ముక్కలు రాశారు, వాటిని ఒకచోట వేశారు, కలిపారు, పనికిరానివి కొట్టేశారు, అర్థం కాని మాట మార్చారు. అవతల ఉన్నది తమకంటే చిన్న పిల్లలు, వాళ్లకి అర్థం కావాలి కదా. అలా కలిసి రాయడం అనేది ఆ ఉత్తరం కోసం పుట్టిన పద్ధతి.

కొన్నాళ్లకి బార్బియానా పిల్లలు అదే పద్ధతిలో ఇంకో ఉత్తరం మొదలుపెట్టారు. ఈసారి అవతల తోటి పిల్లలు లేరు. తమలో కొందర్ని పరీక్షలో ఫెయిల్ చేసి పంపేసిన ఒక టీచరమ్మ ఉంది. ఎనిమిది మంది కుర్రాళ్లు కూర్చుని రాశారు. ఇటలీ బళ్లల్లో ఎవరి పిల్లలు పాసవుతున్నారు, ఎవరి పిల్లలు మధ్యలో పోతున్నారు, వాళ్ల నాన్నల వృత్తులేంటి అని లెక్కలు తీసి, పట్టికలు వేసి మరీ అడిగారు. 'ఒక ఉపాధ్యాయురాలికి ఉత్తరం' అనే పేరుతో 1967 మే నెలలో అది పుస్తకమై వచ్చింది. పైన రచయిత పేరు ఉండాల్సిన చోట బార్బియానా బడి అని ఉంటుంది. జూన్ 26న మిలానీ చనిపోయాడు, అప్పటికి ఆయన వయసు 44. పుస్తకం ఇటలీ అంతా తిరిగింది, ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఆ ఉత్తరం ఎవరికి రాశారో ఆ టీచరమ్మ పేరు మాత్రం పిల్లలు అందులో ఎక్కడా పెట్టలేదు.