ప్రీబయోటిక్ పీచు

ప్రీబయోటిక్ పీచు మానవుని జీర్ణరసాలకు లొంగక పెద్దప్రేగును చేరి, అక్కడ నివసించే మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారమయ్యే పదార్థము. 1995లో గ్లెన్ గిబ్సన్, మార్సెల్ రాబర్‌ఫ్రాయిడ్ అనే శాస్త్రవేత్తలు "ప్రీబయోటిక్" అనే పదాన్ని ప్రవేశపెట్టారు. ప్రోబయోటిక్ సజీవమైన సూక్ష్మజీవి కాగా, ప్రీబయోటిక్ అటువంటి జీవుల ఆహారము. పీచు పదార్థాలన్నీ ప్రీబయోటిక్‌లు కావు. ఉదాహరణకు సెల్యులోజ్ ఈ కోవలోకి రాదు.

పనిచేసే విధానము

బైఫిడోబాక్టీరియా వంటి సూక్ష్మజీవులు ఈ పీచును పులియబెట్టగా ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లాలు ఏర్పడతాయి. పెద్దప్రేగు లోపలి పొర కణాలకు బ్యూటిరేటే ముఖ్యమైన ఇంధనము. ప్రేగులో ఆమ్లత్వము పెరగడం వలన హానికర జీవుల వృద్ధి తగ్గుతుంది.

వివిధ వయసులలో

* శైశవము: తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వుల తరువాత అధికంగా ఉండే ఘనపదార్థము ఆలిగోశాకరైడ్లు. శిశువు వీటిని జీర్ణించుకోలేదు. ఇవి శిశువు ప్రేగులోని బైఫిడోబాక్టీరియాను పోషిస్తాయి. ముర్రుపాలలో వీటి గాఢత హెచ్చు. కనుక ముర్రుపాలను పారబోయడం శిశువుకు నష్టము. ఆవుపాలలో ఇవి అత్యల్పము.
* బాల్యము: ఆరు నెలల తరువాత ఘనాహారముతో సూక్ష్మజీవుల వైవిధ్యము పెరుగుతుంది. సుమారు మూడేళ్ళకు అది పెద్దల స్థితికి చేరువవుతుంది.
* కౌమారము: రోజుకు 8 గ్రాముల ఇన్యులిన్ రకపు పీచు ఏడాదిపాటు తీసుకున్న కౌమారులలో కాల్షియం శోషణ, ఎముకల ఖనిజ సాంద్రత మెరుగుపడినట్లు 2005లో ప్రచురితమైన అధ్యయనము తెలిపింది.
* వయోజనులు: 2000 కిలోకేలరీల ఆహారములో మొత్తం 30 గ్రాముల పీచు ఉండాలని భారతీయ వైద్య పరిశోధన మండలి సిఫారసు. ఇందులో ప్రీబయోటిక్ కొంత భాగము మాత్రమే.
* వృద్ధాప్యము: బైఫిడోబాక్టీరియా సాధారణంగా తగ్గుతాయి. నమలలేకపోవడం, నీరు తక్కువ త్రాగడం, కదలిక లేకపోవడం, కొన్ని మందులు మలబద్ధకానికి దారితీస్తాయి. గెలాక్టో-ఆలిగోశాకరైడ్లు వృద్ధులలో బైఫిడోబాక్టీరియాను పెంచినట్లు అధ్యయనాలున్నాయి. అయితే ప్రేగులోని ఈ మార్పు ప్రతి వ్యాధికీ నివారణ అని భావించరాదు.

లభించే ఆహారాలు

వెల్లుల్లి, ఉల్లి, గోధుమ, బార్లీ, పప్పుధాన్యాలు, చికోరీ వేరు ముఖ్యమైనవి. అరటికాయలోను, వండి చల్లార్చిన అన్నములోను జీర్ణము కాని పిండిపదార్థము కొంత ఉంటుంది. చద్దన్నము ఇందుకు ఉదాహరణ.

జాగ్రత్తలు

ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపుబ్బరము, వాయువు కలుగుతాయి. కొద్దికొద్దిగా పెంచి, తగినంత నీరు త్రాగాలి. చికాకు ప్రేగు వ్యాధి (ఐ.బి.ఎస్.) ఉన్నవారికి ఉల్లి, వెల్లుల్లి బాధను పెంచవచ్చు. ప్రేగులో అడ్డంకి ఉన్నవారు, మింగడం కష్టమైన వృద్ధులు వైద్యుని సలహా లేకుండా పీచు పొడులు వాడరాదు.